హవ్వ బొమ్మ

ఆ ఆదివారం సండేస్కూలుకు భార్య లేకుండా మాస్టారు ఒక్కరే వచ్చారు.

"అమ్మగారు రాలేదేం?" అని పిల్లలడిగారు.

"పడుకుంది."

బొమ్మలు అంటించే గుడ్డబోర్డు మీద ఆదాము బొమ్మను పడుకోబెట్టి పాఠం మొదలుపెట్టారు. "మనిషి ఒంటరిగా ఉండటం మంచిది కాదని, దేవుడు అతనికి గాఢనిద్ర పట్టించి పక్కటెముక తీశాడు."

"నొప్పెట్టలేదా?" అంది ముందు వరుస పిల్ల.

"నిద్రలో పక్కన ఏం జరిగినా తెలీదమ్మా."

తర్వాత, ఆ ఎముకతో దేవుడు చేసిన హవ్వ బొమ్మ తీసి, దాన్నీ ఆదాము పక్కన పడుకోబెట్టారు.

పిల్లలు గొల్లున నవ్వారు. "అయ్యో మాస్టారూ! ఆయన లేచేసరికి ఆవిడ మేలుకుని ఉండాలి కదా!"

మాస్టారు బొమ్మను నిలబెట్టబోయి ఆగిపోయారు.

"పొద్దున నేనూ అలాగే అనుకున్నాను. టీ పెట్టి ఎంత లేపినా లేవలేదమ్మా. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. పాఠానికి వేళవుతోందని దుప్పటి కప్పి వచ్చేశాను."