మెట్ల మలుపు దగ్గర

"ఆగవోయ్. రెండు నిమిషాలు," అన్నాడు ఆయన, రెండో మలుపు దగ్గర గోడకు చెయ్యి ఆనించి.

ఆమె కూరల సంచి కింద పెట్టి మెట్టు మీద కూర్చుంది. "మళ్ళీనా? నిన్న కూడా ఇక్కడే ఆగారు."

"ఏం చేయను, ఆయాసం."

వాళ్ళ ఇల్లు మూడో అంతస్తులో. నలభై ఎనిమిది మెట్లు. ముప్పై ఏళ్ళు భుజాన ఉత్తరాల సంచితో వీధి వీధీ తిరిగి, పోయిన ఏడాదే రిటైరైన ఆ కాళ్ళు ఈ మెట్లకి ఓడిపోతున్నాయంటే ఆమెకు గుండెలో కలుక్కుమనేది. విచిత్రమేమిటంటే, ఆయనకు ఆయాసం వచ్చే చోటే ఆమెకూ మెట్లు దూదిలా మెత్తబడేవి. గోడలు నీళ్ళలో నీడల్లా కదిలేవి. పాతికేళ్ళ కాపురం కదా, ఒకరి ఆయాసం ఇంకొకరికి అంటుకుంటుందేమో అనుకునేది.

సాయంత్రం దీపం పెట్టి దేవుడి ముందు కళ్ళు మూసుకుంటే ఇంకో లోకం. చెవికి శంఖం ఆనించినట్టు సన్నటి హోరు. రెప్పల వెనక మిణుగురులు. ఒళ్ళు గాలిలో తేలిపోయేది. తనలాంటి మామూలు మనిషికి దేవుడు ఇంతటి అనుభవం ఎందుకిస్తున్నాడో ఆమెకు అర్థమయ్యేది కాదు. ఈ సంగతి భర్తకొక్కడికే చెప్పింది. ఆయన నవ్వలేదు.

"ఎన్నాళ్ళ నుంచి వినిపిస్తోంది?" అని మాత్రం అడిగాడు.

"నాలుగు నెలలైంది. దేవుడు దగ్గరికొస్తున్నాడంటారా?"

"వస్తే మంచిదేగా," అన్నాడు, ఆమె చల్లటి వేళ్ళను తన అరచేతుల్లోకి తీసుకుంటూ.

ఆమె పని బైండింగు షాపులో. మడతపెట్టిన కాగితాలు వరసగా పేర్చి, దబ్బనంతో పొడిచి, మైనం రాసిన దారంతో కుట్టాలి. అంచులు కత్తిరించినప్పుడు రాలిన పీలికల్ని ఈమధ్య తనకే తెలియకుండా నోట్లో వేసుకుని నమిలేది. ఓ సాయంత్రం భర్త తీసుకెళ్ళడానికి వస్తే, పక్కన కుట్టే అమ్మాయి ఊరుకోలేదు.

"అన్నయ్యగారూ, వదినకి ఇంట్లో అన్నం పెట్టట్లేదా? ఇవాళ ఓ నిఘంటువు అంచులన్నీ మేసేసింది. ఇంకో వారం పోతే అట్టలు కూడా మిగల్చదు!"

షాపంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆ రోజు ప్రతి మలుపు దగ్గరా ఆగాడు.

ఇక ఆమె పట్టుబట్టింది. "రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. అంతే."

"నువ్వూ చూపించుకుంటేనే వస్తా."

"నాకేం రోగం? గుండ్రాయిలా ఉన్నాను."

ఎప్పుడో డాక్టరు రాసిన టానిక్కు మూడు రోజులు తాగి, మిగతాది బాల్కనీలో గులాబీ మొక్కకి పోసిన మనిషి ఆమె. అయినా ఆయన కోసం ఒప్పుకుంది.

డాక్టరమ్మ ఇద్దరి దగ్గరా రక్తం తీయించింది. ఆయన్ని రెండు ప్రశ్నలడిగి వదిలేసి, ఆమెతోనే ఎక్కువసేపు మాట్లాడింది. నెలసరి ఎన్ని రోజులు, ఎంత అవుతోంది అని ఆరా తీసి దానికో మందు రాసింది. కబుర్ల మనిషి కాబోలు అనుకుంది ఆమె. రిపోర్టులు వచ్చిన రోజు ఆమెకు షాపులో ఊపిరాడని పని. ఆయనొక్కడే వెళ్ళొచ్చాడు.

"హిమోగ్లోబిన్ ఏడున్నరట," అన్నాడు కుర్చీలో కూర్చుంటూ. "పన్నెండు దాటాలట. ఒంట్లో ఇనుము లేదట. ఆయాసం, నీరసం అన్నీ అందుకేనట."

ఆమె దేవుడి గూటి వైపు చూసింది. ఈ మనిషి లేకపోతే అన్న తలపును లోపలికి రానివ్వకుండా నెట్టేసింది.

"ఎలా నిండదో నేనూ చూస్తా," అంది.

"ఒక్కడినే మింగాలంటే మాత్ర గొంతు దిగదు. నువ్వూ తోడు మింగాలి. డాక్టరమ్మని అడిగే తెచ్చా, నీకూ మంచిదేనట."

"మీతో వేగడం ఆ దేవుడి వల్ల కూడా కాదు!"

పొద్దున్నే పరగడుపున నిమ్మరసంతో మాత్ర. టీ రెండు గంటల తర్వాతే, ముందు తాగితే ఇనుము ఒంటికి పట్టదట. ఆకుకూర, పప్పు, గుడ్డు. ఆయనకు తోడు ఆమె కూడా పొద్దుటి టీ వెనక్కి జరిపింది. ఆమె మింగేదాకా ఎదురుగా నిలబడి, అప్పుడు తన మాత్ర పట్టుకుని ఆయన బాల్కనీలోకి వెళ్ళేవాడు. కడుపులో తిప్పుతోంది, నేనిక మానేస్తానని ఆమె ఓసారి మొరాయించింది.

"అయితే నేనూ మానేస్తా."

ఇంకేం మాట్లాడుతుంది? అన్నం తిన్నాక వేసుకోవచ్చని డాక్టరమ్మ చెప్పిందంటే, అలాగే వేసుకుంది.

నెల తిరిగేసరికి ఆయన ఒక్క మలుపు దగ్గరే ఆగాడు. మూడో నెలకి ఎక్కడా ఆగలేదు. ఇద్దరూ మళ్ళీ రక్తం ఇచ్చారు.

"పన్నెండు దాటింది," అన్నాడు ఆయన, చిన్నపిల్లాడిలా మెరిసిపోతూ. "అయినా ఇంకో మూడు నెలలు ఆపకూడదట. లోపల నిల్వ ఉండాలట."

ఆ సాయంత్రం దీపం ముందు కూర్చున్న ఆమె ఉన్నట్టుండి కళ్ళు తెరిచింది.

"ఏమండీ, ఆ హోరు ఆగిపోయింది. దేవుడు వెళ్ళిపోయాడంటారా?"

ఆయన దీపం వత్తి కాస్త ఎగదోశాడు.

"చెప్పాల్సింది చెప్పేసుంటాడు," అన్నాడు.

ఆదివారం ఆయన నిమ్మకాయలకని వెళ్ళాడు. తలుపు వెనక మేకుకి వేలాడుతున్న ఉత్తరాల సంచి ఆమె కంటబడింది. పట్టీ దగ్గర కుట్టు ఊడింది. చిరిగిన కవరు కూడా పారేయని మనిషి. ఆ సంచినైతే ఎవరినీ ముట్టుకోనివ్వడు. కోలుకున్న మనిషికి చెప్పకుండా కుట్టిపెడదామని కళ్ళజోడు పెట్టుకుని, మైనం దారం సూదికెక్కించి, సంచిని ఒళ్ళోకి తిరగేసింది.

ఎర్రటి మాత్రలు జలజలా రాలాయి. గుప్పెళ్ళకొద్దీ. వాటి వెనకే, మొదటిసారి ఇచ్చిన రిపోర్టులు రెండూ జారిపడ్డాయి. ఆయన పేరున్న కాగితం మీద పద్నాలుగున్నర.

ఏడున్నర ఆమెది.