రంగు వదిలేసిన దుంపలు

ఆసుపత్రిలో నర్సమ్మ “తల్లివి కాబోతున్నావు, బీట్‌రూట్ తిను” అనగానే మా ఆయన టైటస్ అరకు సంతలో రెండు కిలోలు కొనేశాడు. పెళ్లయిన మూడో నెలకే కడుపులో బిడ్డ, పైగా సంచినిండా దుంపలు! దారంతా నవ్వుతూనే ఇల్లు చేరాను.

చీకటి పడ్డాక ఒక దుంపను చక్రాలుగా కోసి, కడిగి, గిన్నెలో నీళ్లు పోసి ఉంచాను. భోజనాలయ్యాక లాంతరు ఎత్తి చూస్తే నీళ్లు చిక్కటి రక్తంలా ఉన్నాయి. పాలిపోయిన చక్రాలు చీమిడిలా వేళ్లకు సాగాయి.

బీయస్సీలో ఈ ప్రయోగం చేశాను. మంచినీళ్లలో కణాల చుట్టూ ఉన్న పొర రంగును పట్టి ఉంచుతుంది. ఆ పొరను కరిగించే రసాయనం తగిలితే లోపలిదంతా కారిపోతుంది.

“ఏ నీళ్లు పోశావు?” అన్నాడు టైటస్.

“పోయిన వారం సంతలో చవగ్గా వచ్చిందని మురిశావే, ఆ నీలం డ్రమ్ములోవి.”

అతను మూత తీస్తే వార్నిష్ వాసన గుప్పుమంది. కొత్త ప్లాస్టిక్ వాసన అనుకుని మూడు రోజులుగా అవే తాగుతున్నాను. నాలుక మీద జిడ్డు తేలినట్టయి గుమ్మంలోనే కక్కుకున్నాను.

పక్కింటి గంగ పరుగున వచ్చింది. నేను డ్రమ్ము వైపు వేలు చూపించాను. “ఏటైనాదమ్మా? డ్రమ్మేనా? మా ఏడిళ్లోళ్లమూ అవే కొన్నాం. పిల్లగుంటలు ఇప్పుడే ఆ నీళ్లు తాగి తొంగున్నారు.”

వీధిలో ఒక్క పిల్ల గొంతూ వినబడటం లేదు.

“ఇప్పుడే అందర్నీ లేపుదాం. ఈ రాత్రి బండేదీ దొరకదు. తెల్లారి మొదటి బస్సుకి పిల్లలతో సహా అందరం ఆసుపత్రికి వెళ్తున్నాం” అన్నాడు టైటస్.