సోదాబల్లి

ముందుగదిలో చాప మీద కూర్చుని గవరమ్మ బాలింత కారం కోసం వెల్లుల్లి ఒలుస్తుండగా, ఎస్సై డిల్లేసు టిఫిన్ డబ్బాలో సోదాబల్లిని పట్టుకొచ్చాడు. గోడలెక్కి, మంచాల కింద దూరి, చూసినదంతా వీడియో తీసే మరబల్లి అది. వీధిలో ఎవరిదో గొలుసు పోయిందట, ఇల్లిల్లూ వెతుకుతున్నారు.

"సోదా కాగితం ఉందమ్మా," అన్నాడు.

గవరమ్మ అడుగు దాకా చదివింది. అంతా సరిగానే ఉంది. కానీ లోపలి గదిలో కూతురూ, తొమ్మిది రోజుల పసిగుడ్డూ ఇప్పుడే నిద్రపోయారు. ఆ గదిలో అది పాకడం ఆమెకు బొత్తిగా ఇష్టం లేదు.

"వెతికేదాన్ని ముందు ఇంటివాళ్లు వెతకొచ్చని రాశారు కదా బాబూ."

"రాశారు. ఎవరూ అడగరు."

"నేనడుగుతున్నాను."

డిల్లేసు నవ్వుతూ బల్లిని గోడ మీది టీవీ తెరకు ఆనించాడు. తెర మీద ఒక వంటిల్లు కనిపించింది. లుంగీ కట్టుకున్న డిల్లేసు నడుం ఊపి పాడుతూ చపాతీలు వత్తుతున్నాడు. పక్కన అతని భార్య పడీ పడీ నవ్వుతోంది. సాక్షిగా వచ్చిన పక్కింటి చిట్టెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నిన్న ఇంటికెళ్లాక ఆపడం మర్చిపోయానమ్మా."

"చపాతీలు గుండ్రంగానే వచ్చాయి," అంది గవరమ్మ. "మరి మీ ఇంట్లో దూరడానికి దీనికి కాగితం ఎవరిచ్చారు నాయనా?"

కాగితం లేకుండా ఒక ఇంటిని చూసిన బల్లి మరో ఇంటిని వెతకకూడదన్న చివరి వరస మీద ఆమె వేలు పెట్టింది.

డిల్లేసు చదువుకున్నాడు. బల్లిని డబ్బాలో పెట్టి, మూత గట్టిగా బిగించి, ఆగని నవ్వును మీసాల కింద దాచుకుంటూ గడప దిగి వెళ్లిపోయాడు.