చల్లటి పాదం

“పది నిమిషాల్లో గట్టిపడాలి. అరగంటయింది, ఇంకా జారుతూనే ఉంది,” అంది జెల్ తయారుచేసిన పరిశోధకురాలు, దర్జీ భార్య పాదం మీదికి వంగి.

ఒంటి వెచ్చదనానికి గట్టిపడే జెల్ అది. రోగి చర్మకణాలనే అందులో కలిపి, యంత్రంతో పుండు మీద పొరలుగా అచ్చువేశారు. అది నిలవకపోతే పాదం తీసెయ్యాల్సిందేనని డాక్టరు ముందే చెప్పాడు.

“మా ల్యాబ్‌లో వందసార్లు గట్టిపడింది!” అంది పరిశోధకురాలు.

“అక్కడ వేడి పెట్టి ఉంటారు కదమ్మా,” అన్నాడు దర్జీ. “ఈ కాలు ఆర్నెల్లుగా మంచుముక్కే. రోజూ నేనే ఒళ్లో పెట్టుకుని వెచ్చజేస్తాను.”

“మాకు చెప్పలేదేం?”

“మీరు పుండు గురించే అడిగారు.”

“ఈయనకి నోరెక్కడిది? పెదాల మధ్య సూది పెట్టుకునే ఇరవయ్యేళ్లు కాపురం చేసిన మనిషి,” అని నవ్వింది భార్య.

పుండు కొలతలన్నీ తీసుకున్నారు గానీ, గ్లవుజులు లేకుండా ఆ పాదాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

దర్జీ రెండు అరచేతులతో మడమను పొదివి పట్టుకున్నాడు. కాసేపటికి జెల్ అంచు తెల్లబడింది.

“గట్టిపడుతోందమ్మా! చూడండి!”

పరిశోధకురాలు గ్లవుజు తీసి కాలివేళ్లు ముట్టుకుని చూసింది. పాదం అంత చల్లగా ఉందంటే అందులోకి నెత్తురు రావడం లేదు. పొర నిలిచినా కణాలు బతకవు.

భార్య ఆమె ముఖాన్నే చూస్తోంది.

“ఎప్పుడు తీసేస్తారమ్మా?” అని మెల్లగా అడిగింది.

“అవేం మాటలే? పట్టుకుంటోందిగా!” అన్నాడు దర్జీ, చేతులు తియ్యకుండా.

భార్య అతని భుజం మీద చెయ్యి వేసింది.

“సరే, ఇంకాసేపు పట్టుకోండి.”