ఆదివారం తిట్లు

"వెనక్కెందుకు చూశావయ్యా, దద్దమ్మా!"

ఫోన్లోంచి బొంగురు గొంతు స్టూడియో అంతా మోగింది. అద్దం అవతల ఇంజినీరమ్మ 'కట్ చెయ్యనా?' అన్నట్టు వేళ్లు కత్తెరలా ఆడించింది. మైకు ముందున్న అతను వద్దని చెయ్యి ఊపాడు.

కాలేజీ రోజుల్లో అతను నాలుగొందల మీటర్ల పరుగులో మొనగాడు. ఆఖరి పోటీలో అందరికంటే ముందుండి, టేపు దగ్గర ఒక్కసారి వెనక్కి చూశాడు. పతకం పక్కవాడి మెళ్లో పడింది. తర్వాత మోకాలు మొరాయించింది. ఇక మిగిలింది నోరొక్కటే. దాన్నే నమ్ముకుని, రేడియోలో ఆటల కబుర్లు చెప్పి ఇల్లు నడుపుతున్నాడు.

ఆమధ్య ఆ నోటికీ ముప్పొచ్చింది. "ఆదివారం ప్రోగ్రాంకి ఫోన్లే రావట్లేదు. ఇలాగైతే ఎత్తేస్తా" అన్నాడు డైరెక్టర్.

ఆ వచ్చే ఆదివారమే ఊడిపడింది ఈ తిట్లావిడ. వారం వారం అతని పరుగునీ మాటలనీ, చివరికి మోకాలినీ ఉతికి ఆరేసింది. ఇంకేముంది! "మా రన్నర్నే అంటావా?" అని సగం మంది, "పెద్దావిడ అన్నదాంట్లో తప్పేముంది?" అని సగం మంది. ఫోన్లకి ఊపిరాడలేదు.

ఇవాళ డైరెక్టరే వచ్చి భుజం తట్టాడు. "ఇంకో ఏడాది పొడిగించాం. తిట్లు తిన్నా ఫలితం దక్కిందయ్యా."

"మీ పరుగు సంగతి ఆవిడకెలా తెలుసు సార్?" అంది ఇంజినీరమ్మ.

"తెలిసినవాళ్లెవరో చెప్పుంటారు."

ప్రోగ్రాం నిలబడింది, సంతోషమే. కానీ ఆ 'దద్దమ్మ' మాత్రం గుచ్చుకుంది. దారిలో మందుల షాపు దగ్గర ఆగి దగ్గు బిళ్లలు కొన్నాడు.

ఇంట్లో భార్య భగ్గుమంది. ఆమె నర్సు. అప్పుడే ఆస్పత్రి డ్యూటీ నుంచి వచ్చింది, వార్డు రేడియోలో అంతా విన్నది. "దద్దమ్మా? ఎవరో దొరకనీండి, దాని నాలుక చీరేస్తా! మీరెలా పడ్డారండీ?"

"పోనీలేవే, పెద్దావిడ."

"మా అమ్మ విని ఉంటే ఎంత నొచ్చుకునేదో!" అంటూ వంటింట్లో ఉన్న తల్లి వైపు ఓసారి చూసి, తువ్వాలు లాక్కుని స్నానానికి వెళ్లింది.

స్నానాలగది తలుపు పడగానే, అల్లుడి ఎదుట ఏనాడూ గొంతు పెంచి ఎరగని అత్తగారి చేతిలో దగ్గు బిళ్లల పొట్లం పెట్టి, "మనం అనుకున్న తిట్లలో 'దద్దమ్మ' లేదు కదండీ, అత్తయ్యగారూ!" అన్నాడు.