చంపినంత పని

“మళ్ళీ చెప్పు. టాంట...”

“టాంటమౌంట్,” అంది భార్య, పరీక్ష పేపర్లు దిద్దేటప్పటి విసుగుతో. ఆమె ఇంగ్లీషు టీచరు, ఆయన లిఫ్టు మెకానిక్కు. పెళ్ళయిన ఇరవయ్యేళ్ళుగా ఇంట్లో ఇంగ్లీషు ఆమె శాఖ, స్క్రూడ్రైవరు ఆయన శాఖ. అందుకే కాబోలు, పిలుపు కోసం బయట బెంచీ మీద కూర్చున్నా పాఠం తప్పలేదు.

“లోపల ఈ మాట తగులుతుందట. తడబడ్డానంటే సంసారం రోడ్డున పడ్డట్టే!”

“అయితే వినండి. కొట్టడం వేరు, కొట్టినంత పని చెయ్యడం వేరు. ఆ రెండోదే టాంటమౌంట్. చేసింది అదే కాదు, కానీ చేసినట్టే లెక్క.”

“ఓస్, సమానమేగా! నీ కాఫీ అమృతానికి టాంటమౌంట్. ఎలా ఉంది?”

ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకుంది. “బాలేదు. ఎక్కువగా చెడ్డవాటికే వాడతారు. అయినా నా కాఫీ వేడిగా ఎప్పుడు తాగారు గనక!”

ఫోను మోగింది. “ఏ అంతస్తులో ఆగింది? తలుపు బలవంతంగా లాగకండి, లోపలున్నవాళ్ళతో మాట్లాడుతూ ఉండండి...” అంటూ ఆయన మెట్లదాకా వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఎవరు ఇరుక్కున్నా ఈయన ప్రాణం కొట్టుకుంటుంది. ఇంట్లో మనిషి సంగతి మాత్రం పట్టదు మహానుభావుడికి!

“ఆఁ, ఎక్కడున్నాం?” తిరిగొచ్చి కూలబడ్డాడు.

“ఒక వాక్యం చెప్పండి.”

“బ్రేకు అరిగిందని తెలిసీ లిఫ్టు నడపడం, మనుషుల్ని చంపడానికి టాంటమౌంట్.”

“సరిగ్గా చెప్పారు.” ఆమె ఆయనవైపు తిరిగింది. “ఇప్పుడు నాది. పక్కనున్న మనిషిని పలకరించకపోవడం, వదిలెయ్యడానికి టాంటమౌంట్.”

“అబ్బ, నీవన్నీ ఏడుపు వాక్యాలే!” నవ్వబోయి మానేశాడు. “లోపల ఇలాంటిదే అడిగితే ఏమనాలి?”

“నిజం చెప్పండి.”

“నిన్ను తప్ప ఎవర్ని అడగను ఇవన్నీ?”

వంకరపోయిన ఆయన కాలరు ఆమె సరిచేసింది. చెయ్యి కాస్త ఆలస్యంగా వెనక్కి తీసుకుంది.

బంట్రోతు తలుపు తీసి పిలిచాడు. ఇద్దరూ లేచారు. ఆయన ఫోను మళ్ళీ మోగింది. ఇన్నేళ్ళలో మొదటిసారి, ఎవరో కూడా చూడకుండా ఆపేశాడు.

విడాకులు కావాలని, ఆ మాట రాయించి మరీ అర్జీ పెట్టింది ఆమే.