చెదరని కంకర

హల్దీ అయిపోయింది, పసుపు మరకలు కడిగేశారు, చుట్టాల బండ్లన్నీ వెళ్ళిపోయాయి. ఇక కంకర బాట మీద చక్రాల గీతలు చెరిపేస్తే చాలు, యాదగిరి చేసిన దొంగపని ఆ దేవుడికి కూడా తెలియదు.

కొండాపూర్ దాటాక పొలాల మధ్య ఉన్న ఆ ఫాంహౌస్‌కు యాదగిరి వాచ్‌మన్. యజమాని వెంకటేశ్వరరావుకు పటాన్‌చెరులో ఫ్యాక్టరీ ఉంది. గేటు నుంచి ఇంటి దాకా ఆయన కావాలనే సిమెంటు వేయించకుండా కంకర పోయించాడు. ఏ బండి వచ్చినా దాని మీద గీత పడాల్సిందే. పాత వాచ్‌మన్ ఎవరినో లోపలికి రానిచ్చి, ఆ గీతలతోనే దొరికిపోయి, అదే పూట సామాను సర్దుకున్నాడు.

అన్నీ తెలిసీ యాదగిరి ఒప్పుకున్నాడంటే తప్పంతా బావమరిది మల్లేష్‌ది.

"బావా, హల్దీ స్విమ్మింగ్ పూల్ కాడనే కావాల్నని మా బిడ్డ రవళి ఒక్కటే ఏడుపు. ఒక్క పూటనే, జెర ఇజ్జత్ కాపాడు" అంటూ చేతులు పట్టుకున్నాడు మరి. కాదంటే పెళ్ళాం కౌసల్య పుట్టింట్లో తలెత్తుకోగలడా?

అందుకే ఆదివారం సారు వచ్చినప్పుడు, కౌసల్య మేనకోడలి పెళ్ళని చెప్పి, తాళాలు ఆయన చేతిలో పెట్టి హత్నూర బస్సెక్కాడు. రెండో జత తాళాలు జేబులోనే ఉన్నాయని మాత్రం చెప్పలేదు. మంగళవారం పొద్దున అందరినీ వెంటేసుకుని దిగాడు.

"సారుకు తెలిస్తే మన గతేంది? గది ఖాళీ చెయ్యమంటే యాడుంటం? మన బిడ్డ స్నిగ్ధ కాలేజీకి యాడికెల్లి పోతది?" అంది కౌసల్య.

"నువ్వు పరేషాన్ గాకు. నా పనితనం సూడు."

నిజంగా చూడాల్సిన పనే. పక్కలకు చిమ్మిన రాళ్ళను నడుమకు లాగాడు. చక్రాలు తొక్కిన చోట పూడ్చాడు. సందుల్లో మొలిచిన గడ్డిపోచలు సైతం పీకాడు. ఇనుప పళ్ళ కర్రతో దువ్వుకుంటూ, గేటు దాకా వెనక్కి నడిచాడు. ఆఖరికి తన అడుగులు కూడా మిగల్లేదు. అబ్బ, ఏం పని!

శుక్రవారం సారు కారు గేటు బయటే ఆగింది. అప్పుడే ఊరి నుంచి వస్తున్నట్టు యాదగిరీ, కౌసల్యా సంచులతో నిలబడ్డారు.

"పెళ్ళి బాగా జరిగిందా? మధ్యలో ఇటేమైనా వచ్చావా?"

"లే సార్, గిప్పుడే బస్సు దిగినం. తాళాలు మీ కాడనే ఉండె గద."

"ఇంకెవరైనా?"

"పిట్ట గూడ రాలే సార్. మీరే సూడుండ్రి, ఒక్క గీతన్న ఉన్నదా?"

వెంకటేశ్వరరావు గేటు తీసి, వంగి, బాటను ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూశాడు. కౌసల్య బాట వైపు చూడకుండా సంచులు సర్దుకుంది. యాదగిరికి మాత్రం లోలోపల మహా గర్వంగా ఉంది.

"నిజమే, ఒక్కటీ లేదు" అన్నాడాయన. "మరి ఆదివారం నువ్వు బస్సెక్కాక నేను తాళం వేసుకుని వెళ్ళాను కదా, ఆ నా కారు గీతలు ఏమయ్యాయి యాదగిరీ?"